పసిపిల్లల తరగతిలో బహుమతి: ఎవరికి? ఎందుకు?

కోల్‌కతా నగరపు దక్షిణ భాగాన ఉన్న భవానీపూర్‌ను బడుల పేట అనడంలో అతిశయోక్తి లేదు. దేశంలో మొట్టమొదటి మెట్రో రైలు 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడ్ నుండి బయలుదేరి వచ్చి ఆగినది ఈ పేటలోనే. ఆ స్టేషను నేడు నేతాజీ భవన్ పేరుతో వ్యవహరింపబడుతున్నది. దాని చుట్టుపక్కల వీధులలో పాతకాలపు పాఠశాలలు ఎన్నో కనిపిస్తాయి. హరీశ్ ముఖర్జీ రోడ్డులో సరళా రాయ్ 1920లో స్థాపించిన గోఖలే స్మారక బాలికా పాఠశాల ఉన్నది. నిర్బంధ ప్రాథమిక విద్య కోసం 1911లో కేంద్ర శాసన మండలిలో బిల్లు ప్రవేశపెట్టిన గోపాలకృష్ణ గోఖలే పేరును ఒక బడికి పెట్టడం ఎంతో సముచితం. సౌత్ సబర్బన్ పాఠశాల అంతకంటె పాతది. మిత్రా ఇన్‌స్టిట్యూషన్ శాఖ కూడా ఇక్కడ ఉన్నది.

ఉద్యోగరీత్యా బదిలీపై విశాఖపట్నం నుండో, హైదరాబాదు నుండో ఈ నగరానికి వచ్చే తెలుగు కుటుంబాలకు మొదటి సమస్య ఇల్లు, రెండవది పిల్లల బడి. బడిలో సీటు దొరికిన తరువాత మూడవ సమస్య మెల్లగా తలెత్తుతుంది. ఒకటవ తరగతిలోనో, రెండవ తరగతిలోనో చేరిన బిడ్డ ఒకనాటి సాయంత్రం ఇంటికి వచ్చి, గోడమీద అతికించిన పట్టికలో తన పేరు ఎదుట ఒక్క స్టార్ కూడా లేదని ముఖం చిన్నబుచ్చుకుంటుంది. లేదా, అందుకు భిన్నంగా, పది స్టార్లు వచ్చాయి కనుక ఇంట్లో తనకేమి ఇస్తారని అడుగుతుంది. ఈ రెండు సందర్భాలలోనూ తల్లిదండ్రులకు ఏమి చెప్పాలో తోచదు. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ సందిగ్ధమే.

అల్లరిని అదుపులో పెట్టడానికి బెత్తానికి బదులు బహుమతిని వాడుకోవడం నేటి ప్రాథమిక పాఠశాలలలో సర్వసాధారణమైపోయినది. ఇందుకు చట్టమూ కారణమే. బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షను విద్యార్థిని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించినది. ఆ చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. సామ, దాన, భేద, దండోపాయాలలో నాలుగవదాన్ని చట్టం తీసివేసింది. భేదం పసిపిల్లల ఎడల వాడదగినది కాదు. సామానికి ఓర్పు కావాలి. నలభై మంది ఉన్న తరగతిలో ఆ ఓర్పు మధ్యాహ్నానికే అడుగంటుతుంది. ఇక మిగిలినది దానం. కనుక ఉపాధ్యాయినులు స్టిక్కర్లు, చాక్‌లెట్లు, రంగు పెన్సిళ్ళు, చప్పట్లు ఆశ్రయించడంలో వింత లేదు. అయితే ఈ దానోపాయం మనం అనుకున్నంత కొత్తదీ కాదు, అంత నిరపాయకరమైనదీ కాదు.

బళ్ళారి బడులలో ఒక ఉదయం

మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో రాజధాని అంతటా ఉన్న దేశీయ పాఠశాలల వివరాలు సేకరించి పంపవలసిందిగా కలెక్టర్లను ఆదేశించాడు. వచ్చిన నివేదికలలో మిక్కిలి విపులమైనది బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో వ్రాసినది. తెలుగు భాషకు 1816లో ఇంగ్లీషులో వ్యాకరణం ప్రకటించినవాడు కూడా ఈయనే. ఆనాటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతమూ చేరి ఉండేది. అక్కడ 533 పాఠశాలలు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు ఆయన లెక్క తేల్చాడు. ఆ బడులలో 235 కన్నడానివి, 226 తెలుగువి. అంటే ఆయన వర్ణించినది చాలావరకు మన వీధిబడినే.

అందులో ఒక వివరం చూడదగినది. తెల్లవారుజామున బడికి అందరికంటె ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో పంతులు సరస్వతి పేరు వ్రాస్తాడు. అది గౌరవ చిహ్నం. రెండవవాడి చేతిలో సున్న చుడతాడు. అతనికి మెప్పూ లేదు, నిందా లేదు. మూడవవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగవవాడికి రెండు. ఆ తరువాత వచ్చే ప్రతివాడికీ ఒక్కొక్క దెబ్బ చొప్పున పెరుగుతూ పోతుంది. చదువులో సోమరితనం చూపినవాడికి బెత్తంతోపాటు, రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీయడం, ఆగకుండా గుంజీళ్ళు తీయించడం వంటి శిక్షలు కూడా ఉండేవని ఆయన వ్రాశాడు. మన తాతలు కోదండం అని చెప్పుకున్నది దీనినే.

సమయపాలన నేర్పడానికి ఇంతకంటె పొదుపైన ఏర్పాటు మరొకటి ఉండదు. పంతులుకు ఖర్చు లేదు. సరస్వతి పేరు వ్రాయడానికి వేలు చాలు. పైగా ఆ గౌరవం దేవత పేరుతో ముడిపడి ఉన్నది కనుక, పిల్లవాడు దానిని చెమటకు చెరిగిపోయేదాకా చూసుకుని మురిసి ఉంటాడు. ఐతే దీని అంకగణితం గమనించండి. ముప్పై మంది పిల్లలున్న బడిలో గౌరవం ఒక్కరికి. ఉపేక్ష ఒక్కరికి. దెబ్బలు ఇరవై ఎనిమిది మందికి. అందరూ కోడికూతకు ముందే లేచి పరుగెత్తుకు వచ్చినా ఈ లెక్క మారదు. ఆ ముప్పై మందిలో ఎవరో ఒకరు ముప్పయ్యవవాడు కావలసిందే. ఇల్లు దూరమైనవాడూ, ఉదయాన్నే పశువులకు మేత వేసి రావలసినవాడూ తన తప్పు లేకుండానే ఆ స్థానంలో నిలబడి ఉంటాడు.

నేటి తరగతిలో బెత్తం లేదు. ఐతే "ఈ వారపు ఉత్తమ విద్యార్థి" అనే బిరుదు ఒక్కరికే ఉన్నపుడు, మిగిలిన ముప్పై తొమ్మిది మంది చేతిలో ఉన్నది ఏమిటి? మొదటి వారం అది సున్న. అదే బిడ్డ అదే మాటను పదవ వారం కూడా వింటే అది దెబ్బ. ఒక్కరికే దక్కే బహుమతిని మనం బహుమతి అంటున్నాము. వెనుక బెంచీలో కూర్చున్న బిడ్డ దాన్ని ఏ పేరుతో పిలుస్తుందో మనం అడగము.

న్యాయంగా చెప్పాలంటే, వీధిబడిలో అందరికీ దక్కిన బహుమతి కూడా ఒకటి ఉండేది. దసరా రోజులలో పిల్లలు గిలకలూ విల్లంబులూ పట్టుకుని, పంతులు వెంట ఇంటింటికీ పోయి పద్యాలు చదివేవారు. పంతులుకు రొక్కం, పిల్లలకు పప్పుబెల్లాలు ముట్టేవి. అందులో మొదటివాడు, ముప్పయ్యవవాడు అనే భేదం లేదు. ఏడాది పొడవునా వీపు చీరిన పంతులును ఆ నాలుగు రోజులూ పిల్లలు ప్రేమించడానికి ఈ పప్పుబెల్లాలు కొంత కారణమని నా అనుమానం.

గోపాలుడు, రాఖాలుడు

వంగదేశంలో ఐదారు తరాల పిల్లలు అక్షరాలు దిద్దుకున్న పుస్తకం ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1855లో ప్రచురించిన 'వర్ణపరిచయ్'. మనకు పెద్దబాలశిక్ష ఎట్లో వారికి అది అట్లు. దాని మొదటి భాగం చివర ఇద్దరు బాలురు కనిపిస్తారు. గోపాలుడు తల్లిదండ్రులు చెప్పినట్లు వింటాడు, పెట్టినది తింటాడు, ఇచ్చినది కట్టుకుంటాడు, వేళకు బడికి పోతాడు, ఎవరితోనూ కలహించడు. అందుచేత అందరూ అతన్ని ప్రేమిస్తారు. రాఖాలుడు చెప్పిన మాట వినడు, దారిలో ఆటలాడి ఆలస్యంగా బడికి చేరుతాడు, తోటివారితో జగడమాడతాడు. అందుచేత అతన్ని ఎవరూ ప్రేమించరు. ఇక్కడ బహుమతి స్టిక్కరు కాదు, పెద్దల ప్రేమ. పసిబిడ్డకు అంతకంటె పెద్ద బహుమతి లేదు. దానిని షరతుగా పెట్టడం కంటె పెద్ద బెదిరింపూ లేదు.

రవీంద్రనాథ ఠాకూరు 1895లో విద్యాసాగరుని గురించి వ్రాసిన వ్యాసంలో ఈ పాఠాన్ని ప్రస్తావిస్తూ చమత్కారంగా ఒక సంగతి అన్నాడు. బాల్యంలో విద్యాసాగరుడు గోపాలునికంటె రాఖాలునికే దగ్గరివాడట. తండ్రి ఏది చేయమంటే దానికి విరుద్ధంగా చేసేవాడట. వంగదేశంలో గోపాలురకు కొదవ లేదనీ, అవసరమైనది ఆ మొండి బాలుడేననీ ఆయన అభిప్రాయం. మన తరగతి గదులలో "మంచి నడవడి" అని మనం బహుమతి ఇచ్చేది దేనికో ఇక్కడ ఒక క్షణం ఆగి చూసుకోవాలి. చప్పుడు చేయకుండా చేతులు కట్టుకుని కూర్చున్నందుకా? లేక తోటివాడు మాట్లాడుతుండగా విన్నందుకా? రెండూ బయటికి ఒకేలా కనబడతాయి. మొదటిది ఉపాధ్యాయిని సౌకర్యం కోసం. రెండవది బిడ్డ కోసం.

ఠాకూరు బడి అనుభవాలు మధురమైనవి కావు. ఓరియంటల్ సెమినరీలో తానేమి నేర్చుకున్నదీ జ్ఞాపకం లేదు గాని, పాఠం అప్పజెప్పలేని వాడిని బెంచీ ఎక్కించి, చాచిన అరచేతుల మీద పలకలు దొంతరగా పేర్చే శిక్ష మాత్రం మరపు రాలేదని ఆత్మకథలో వ్రాసుకున్నాడు. ఆ రోజులలో ఇంటి వరండా కటకటాల చువ్వలే తన విద్యార్థులనీ, బెత్తం పట్టుకుని వాటిలో చెడ్డ పిల్లలనుకున్నవాటిని చితకబాదేవాడిననీ కూడా చెప్పాడు. పంతులు చెప్పిన పాఠం కంటె పంతులు పద్ధతే పిల్లవాడికి త్వరగా పట్టుబడిందన్నమాట. బహుమతి విషయంలోనూ ఇంతే. "ఏమిస్తావు?" అనే ప్రశ్నను పిల్లలు పుట్టుకతో తీసుకురారు, మన దగ్గరే నేర్చుకుంటారు.

భవానీపూర్‌లో బాల్యం గడిపిన ఆశుతోష్ ముఖర్జీ గురించి ఒక చిన్న కథను ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. ఆశుతోష్ చిన్నవాడుగా ఉన్నపుడు ఒక పుస్తకాల దుకాణంలో విద్యాసాగరుడు తటస్థపడి, 'రాబిన్సన్ క్రూసో' ప్రతి ఒకటి కొని అతని చేతిలో పెట్టాడు. పరీక్షలో మొదటి స్థానం వచ్చినందుకు కాదు, అల్లరి మానినందుకూ కాదు. పుస్తకాలంటే ఇష్టపడే పిల్లవాడికి మరొక పుస్తకం, అంతే. చక్రబేడియా శిశు విద్యాలయంలో అక్షరాలు నేర్చిన ఆ బాలుడు తరువాత కలకత్తా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడై, సి. వి. రామన్‌నూ, మన సర్వేపల్లి రాధాకృష్ణన్‌నూ అక్కడికి ఆహ్వానించాడు. ఆయన సేకరించిన ఎనభై వేలకు పైబడిన పుస్తకాలు 1949లో జాతీయ గ్రంథాలయానికి చేరాయి. ఇదంతా ఆ ఒక్క కానుక ఫలమని ఎవరూ అనరు. కాని అది షరతు లేని కానుక అన్నది గుర్తుంచుకోదగినది. ఎందుకంటే ఇటువంటి తేడానే వందేళ్ళ తరువాత శాస్త్రజ్ఞులు కొలిచి చూశారు.

శాస్త్రం ఏమి కొలిచింది?

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా బింగ్ నర్సరీ పాఠశాల ఉన్నది. అక్కడ బొమ్మలు గీయడమంటే సహజంగానే ఇష్టపడే 51 మంది పసివాళ్ళను లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు ఎంచుకున్నారు. వారి పరిశోధన 1973లో ప్రచురితమైనది. పిల్లలను మూడు జట్లు చేశారు. మొదటి జట్టుకు, బొమ్మ గీస్తే బంగారు ముద్రా, రిబ్బనూ ఉన్న యోగ్యతాపత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. రెండవ జట్టుకు ఏమీ చెప్పకుండా, గీసిన తరువాత అదే పత్రం ఇచ్చారు. మూడవ జట్టుకు ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తరువాత, ఏ బహుమతి ప్రసక్తీ లేకుండా తరగతిలో రంగు పెన్నులు పెట్టి, ఎవరు ఎంతసేపు గీస్తారో చూశారు. ముందే ఆశపెట్టబడిన జట్టు పిల్లలు మిగతా రెండు జట్లలో దాదాపు సగం సేపు మాత్రమే గీశారు. చెప్పకుండా ఇచ్చినందువల్ల నష్టం రాలేదు. ఆట కాస్తా కూలి అయినపుడే ఆటమీద మనసు విరిగింది.

దీన్ని చదివి, అసలు బహుమతులే వద్దనే తీర్మానానికి రావడం తొందరపాటు. పిల్లవాడికి ముందే ఇష్టమైన పని విషయంలో వచ్చిన ఫలితమిది. చెప్పులు వరుసగా పెట్టడం, వంతు వచ్చేదాకా ఆగడం, మధ్యాహ్న భోజనానికి ముందు చేతులు కడుక్కోవడం వంటివి ఎవరూ పరవశించి చేసే పనులు కావు. వాటికి మొదట్లో చిన్న ప్రోత్సాహం ఇవ్వడంవల్ల పోయే ఆనందం ఏమీ లేదు. కథ వినడానికీ, బొమ్మ గీయడానికీ, పాట పాడడానికీ స్టార్లు ఇవ్వడమే అనవసరం, ఒక్కోసారి హానికరం. మన బడులలో జరుగుతున్నది తరచుగా దీనికి తలక్రిందులు. బొమ్మకు స్టార్ ఉంటుంది, వంతు కోసం ఆగినవాడిని ఎవరూ చూడరు.

తరగతి మొత్తాన్ని అదుపులో పెట్టే విషయంలో పేరుపొందిన ప్రయోగం 1969లో ప్రకటితమైనది. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఒక నాలుగవ తరగతి. 24 మంది పిల్లలు. బారిష్, సాండర్స్, వూల్ఫ్ అనే ముగ్గురు దీనిని నిర్వహించారు. తరగతిని రెండు జట్లు చేశారు. అనుమతి లేకుండా సీటు వదిలినా, మధ్యలో మాట్లాడినా ఆ జట్టు పేరు క్రింద నల్లబల్ల మీద ఒక గీత పడుతుంది. తక్కువ గీతలు పడిన జట్టు గెలుస్తుంది. రెండు జట్లకూ గీతలు ఒక హద్దుకు లోపల ఉంటే రెండూ గెలుస్తాయి. గెలిస్తే దక్కేవి పెద్ద వస్తువులు కావు. భోజనానికి ముందుగా వరుసలో నిలబడడం, పేరు ఎదుట ఒక చుక్క, రోజు చివర కొంత సేపు ఇష్టమైన పని చేసుకోవడం. అల్లరి గణనీయంగా తగ్గింది. ఆట ఆపితే తిరిగి పెరిగింది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ తగ్గింది. ఆ తరువాత బాల్టిమోర్ నగరంలో 1985-86 విద్యాసంవత్సరంలో 19 పాఠశాలల ఒకటవ తరగతి పిల్లలతో సాగిన పరిశీలనలో ఈ ఆటకూడా ఉన్నది. ఆ పిల్లలు ఇరవై ఏళ్ళవారయ్యాక చూస్తే, చిన్నతనంలో దుడుకుగా ఉండిన మగపిల్లలలో ఈ ఆట ఆడినవారు మాదకద్రవ్యాల పాలు కావడం తక్కువగా కనిపించింది.

ఈ ఆటలోని కీలకం 'రెండూ గెలవవచ్చు' అనే నియమం. బళ్ళారి బడిలో లేనిది అదే. ఐతే ఈ ఆటకూ ఒక ముల్లు ఉన్నది. కాన్సస్ తరగతిలోనే ఇద్దరు పిల్లలు తాము ఆడబోమని మొరాయించి, కావాలనే గీతలు పడేటట్లు చేయడంతో వారిని జట్టునుండి వేరు చేయవలసి వచ్చింది. జట్టుకు నష్టం తెచ్చిన పిల్లవాడిని విరామ సమయంలో తోటివారు ఏమంటారో ఊహించుకోవచ్చు. మన కర్మాగారాలలో పనిచేసేవారికి ఇది తెలియని సంగతి కాదు. ప్రమాదాలు లేని నెలకు విభాగమంతటికీ బహుమతి అని ప్రకటించినచోట, వేలు నలిగినవాడు గుడ్డ చుట్టుకుని నోరు మూసుకునే అవకాశం ఉన్నది. బహుమతికి భయపడి దెబ్బను దాచుకోవడం పెద్దలలోనే సాధ్యమైతే, ఆరేళ్ళ బిడ్డ తప్పును దాచుకోవడంలో ఆశ్చర్యమేమున్నది?

మరొక పరిశోధన తల్లిదండ్రులకు మరింత పనికివచ్చేది. ముల్లర్, డ్వెక్ అనే ఇద్దరు 1998లో ప్రకటించినది. ఐదవ తరగతి పిల్లలకు సులభమైన సమస్యలు ఇచ్చి, కొందరిని "నీవు తెలివైనదానవు" అనీ, కొందరిని "బాగా కష్టపడ్డావు" అనీ మెచ్చుకున్నారు. తరువాత కఠినమైన సమస్యలు ఇచ్చి ఓడిపోనిచ్చారు. తెలివిని మెచ్చుకోబడినవారు అటుపైన సులభమైన పనినే కోరారు, వారి ప్రతిభ తగ్గింది, తమ మార్కులు ఇతరులకు చెప్పేటపుడు ఎక్కువ చేసి చెప్పినవారు కూడా వారిలోనే ఎక్కువ. కష్టాన్ని మెచ్చుకోబడినవారు పట్టు వదలలేదు. మెచ్చుకోలు ఖర్చులేని బహుమతి. కాని దేనిని మెచ్చుకున్నామన్నది అందులో ఇమిడి ఉంటుంది.

చేతనైనదానికే బహుమతి

అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు రోలాండ్ ఫ్రయర్ పలు నగరాలలో పిల్లలకు డబ్బే ఇచ్చి చూశాడు. న్యూయార్కులో పరీక్ష మార్కులకు డబ్బిస్తే ఫలితం కనబడలేదు. డల్లాస్‌లో రెండవ తరగతి పిల్లలు ఒక పుస్తకం చదివి చిన్న ప్రశ్నలకు జవాబిస్తే రెండు డాలర్లు ఇచ్చారు. అక్కడ చదివి అర్థం చేసుకునే శక్తి పెరిగింది. 2011లో ప్రకటించిన ఈ ఫలితాలకు ఆయన చెప్పిన కారణం సరళమైనది. పుస్తకం చదవడం ఎట్లో పిల్లవాడికి తెలుసు. మార్కులు పెంచుకోవడం ఎట్లో తెలియదు. తెలియని పనికి ఎంత ఆశ చూపినా చేయి ఎటు చాపాలో తోచదు.

బదిలీ కుటుంబాల పిల్లలకు ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది. ఇంట్లో తెలుగు, వీధిలో బంగ్లా, తరగతిలో ఇంగ్లీషు. ఉపాధ్యాయిని "వరుసగా నిలబడండి" అన్నపుడు నలుగురు లేచి నిలబడ్డాక, పక్కవారిని చూసి ఐదవవాడుగా లేచే బిడ్డ మొండిది కాదు, ఆమెకు మాట అర్థమయ్యేసరికి అంత ఆలస్యమైనది. పట్టికలో మాత్రం అది 'చెప్పినట్లు వినలేదు' అని నమోదవుతుంది. ఇటువంటి బిడ్డకు స్టార్లు ఆపివేస్తే వేగం రాదు. స్టార్లు కుమ్మరించినా రాదు. ఆ ఆదేశాన్ని చేతి సైగతో కలిపి చెప్పి, రెండు రోజులు అభ్యాసం చేయించి, అటుపైన చేసినపుడు మెచ్చుకుంటే వస్తుంది. కొంచెం చెవుడు ఉన్నవారూ, నల్లబల్ల మీద అక్షరాలు సరిగా కనిపించనివారూ కూడా అల్లరివారి జాబితాలోనే చేరుతుంటారు. అటువంటివారికి కావలసినది డాక్టరు పరీక్ష. పట్టిక ఆ సంగతి చెప్పదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని గ్రామీణ ప్రాథమిక పాఠశాలలలో 2005లో మొదలైన ఒక పెద్ద ప్రయోగం ఇక్కడ స్మరణీయం. అందులో బహుమతి పిల్లలకు కాదు, ఉపాధ్యాయులకు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నిర్వహించిన ఈ పరిశీలనలో, పిల్లల మార్కులలో సగటు పెరుగుదల ఐదు శాతం దాటిన తరువాత ప్రతి శాతానికి 500 రూపాయల చొప్పున బోనసు లెక్కించారు. రెండేళ్ళలో లెక్కలలోనూ, భాషలోనూ పిల్లలు స్పష్టంగా ముందడుగు వేశారు. ఎవరి బడి అన్నిటికంటె గొప్పది అన్నది అక్కడ కొలబద్ద కాదు. ఆ పిల్లలు తమ నిన్నటి స్థితి నుండి నేడు ఎంత కదిలారన్నదే కొలబద్ద. అందుచేత వెనుకబడిన పిల్లవాడు కదిలితే వచ్చే లాభమూ లెక్కకు వచ్చింది.

తరగతి గదికి ఈ సూత్రాన్ని అన్వయించడం కష్టం కాదు. పదినిమిషాలు కూర్చోలేని పిల్లవాడు పన్నెండు నిమిషాలు కూర్చుంటే అది మెచ్చుకోదగిన మార్పు. పక్కన నలభై నిమిషాలు కదలకుండా కూర్చునే బిడ్డతో పోల్చవలసిన పని లేదు. "బుద్ధిగా ఉండు" అనే ఆదేశంలో ఏమి చేయాలో లేదు. "మాట్లాడాలంటే చేయి ఎత్తు" అనే దానిలో ఉన్నది. వెంటనే మెచ్చుకోవాలి. సోమవారం చేసినదానికి శనివారం ఇచ్చే చాక్‌లెట్ ఎందుకు వచ్చిందో ఆరేళ్ళవాడికి గుర్తుండదు. వస్తువులకంటె అవకాశాలు మేలు. నల్లబల్ల తుడవడం, గంట కొట్టడం, హాజరు పట్టీ ఆఫీసు గదికి తీసుకుపోవడం వంటివాటి కోసం పిల్లలు పోటీపడడం ప్రతి ఉపాధ్యాయినికీ అనుభవమే. అన్నిటికంటె ముఖ్యం, ఒకసారి ఇచ్చినదాన్ని కోపంలో తిరిగి తీసుకోకూడదు. ఉదయం సంపాదించిన స్టార్‌ను మధ్యాహ్నం అల్లరికి చింపివేస్తే, ఉదయం చేసిన మంచి పని కూడా జరగనట్లే అవుతుంది.

మరియా మాంటిస్సోరి అనుభవం వీటన్నిటికంటె ఒక అడుగు ముందుకు పోయినది. 1907లో రోము నగరంలోని శాన్ లొరెంజో అనే పేదవాడలో తొలి బాలల గృహం తెరిచిన ఈమె, ఒకనాడు చూసిన దృశ్యాన్ని తన గ్రంథంలో వర్ణించినది. చురుకైన ఒక పిల్లవాడి మెడలో ఉపాధ్యాయిని బహుమతిగా ఒక పతకం వేసింది. మరొకనిని శిక్షగా గది మధ్య కుర్చీలో కూర్చోబెట్టింది. మొదటివాడు తన పనిలో అటూ ఇటూ తిరుగుతుండగా పతకం జారి పడినది. కుర్చీలోని వాడు దానిని తీసి, పడిపోయిందని చెప్పాడు. తనకు దానితో పని లేదన్నట్లు మాట్లాడాడు మొదటివాడు. అయితే నేను పెట్టుకోనా అని అడిగి, సరేననిపించుకుని, శిక్షలో ఉన్నవాడు ఆ పతకం పెట్టుకుని హాయిగా కూర్చున్నాడు. పనిలో మునిగినవాడికి పతకం అడ్డు. పనిలేనివాడికి అది కాలక్షేపం. మాంటిస్సోరి ఆ తరువాత బహుమతులనూ శిక్షలనూ రెండిటినీ పక్కన పెట్టింది. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడంతో ఈ ఆలోచన దక్షిణాదికి చేరింది. నలభై మంది పిల్లలు, ఒక నల్లబల్ల, ఒక సుద్దముక్క తప్ప ఏమీ లేని గదిలో ఆమె పద్ధతిని పూర్తిగా అనుసరించమనడం న్యాయం కాదు. పిల్లల చేతికి పని ఇవ్వగలిగినపుడే బహుమతి అవసరం తీరుతుంది.

కనుక పట్టిక పెట్టే ఉపాధ్యాయిని, దానిని ఎపుడు తీసివేయాలో కూడా మొదటిరోజే అనుకోవడం మంచిది. మొదట ప్రతిసారీ మెచ్చుకోలు, అలవాటు పడినకొద్దీ రెండుమూడు సార్లకు ఒకసారి, ఆపైన ఎప్పుడో ఒకసారి. చేయి ఎత్తి మాట్లాడడం తరగతి ఆనవాయితీ అయిన తరువాత ఆ వరుస పట్టికలో ఉండనవసరం లేదు. ఇంట్లో కూడా బడి స్టార్లకు మరొక బహుమతి జోడించకపోవడమే మేలు. "ఎన్ని వచ్చాయి?" అని అడిగేబదులు "దేనికి వచ్చింది?" అని అడిగితే బిడ్డ తాను చేసిన పని చెబుతుంది. ఎన్ని అని అడిగితే పక్కవారి సంఖ్య చెబుతుంది.

తల్లిదండ్రుల సమావేశానికి పోయినపుడు సాధారణంగా మన బిడ్డ పేరు ఎదుట ఎన్ని ఉన్నాయో వెతుక్కుంటాము. ఆ పట్టికను క్రింది నుండి పైకి చదివి చూడండి. నెల గడిచినా ఖాళీగా ఉన్న వరుసలు ఒకటో రెండో ఉంటాయి. ఆ పేర్లు ఎవరివో అడిగి తెలుసుకోనక్కరలేదు. ఆ పిల్లలకు రేపు ఉదయం, గంట కొట్టిన పదినిమిషాల లోపల, చేతనయ్యే పని ఒకటి ఏమి చెప్పబోతున్నారని ఉపాధ్యాయినిని మర్యాదగా అడగవచ్చు.